తోమకండి... అది వందేళ్ల నలుపు!

వెండి వస్తువు నల్లబడితే మన చెయ్యి ముందు చింతపండు డబ్బా మీదికే పోతుంది. చెంబయినా, కుందయినా అదే వైద్యం. మరి తాతలనాటి వెండి రూపాయి నల్లబడితే? చార్మినార్ నీడలో పాత నాణేలు చూసేవాళ్లు మాత్రం ‘చెయ్యి పెట్టొద్దు’ అంటారు. ఎందుకంటే...

పదకొండు కావస్తోంది. గుల్జార్‌హౌజ్ దగ్గర షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. నడిమధ్య నీళ్ల హౌజు, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. కమాన్ల మధ్య బంగారం, వెండి, ముత్యాల దుకాణాలు. అద్దాల వెనక పట్టీలు, కుంకుమ భరిణెలు, ఉగ్గుగిన్నెలు తళతళలాడుతున్నాయి. దక్షిణం వైపు కమానులోంచి చూస్తే... ఫ్రేము కట్టించి గోడకు తగిలించినట్టు చార్మినార్!

కొత్త వెండి మెరుపు చూడాలంటే హైదరాబాద్‌లో ఇంతకన్నా మంచి చోటు ఉండదేమో. పాత వెండి నలుపు చూడాలన్నా ఇక్కడికే రావాలి. కాకపోతే పెద్ద దుకాణాలు దాటి కాలీ కమాన్ వైపు సందులోకి తిరగాలి. అక్కడ ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే కొట్టు ఒకటుంది. బల్లమీద నల్ల ముఖమల్ గుడ్డ, చిన్న త్రాసు, భూతద్దం, ఒంచితే ఒంగే దీపం. వెనకాల డెబ్బై దాటిన పెద్దాయన.

ఆరోజు ఆయన మొదటి బేరం జనగామ వైపు నుంచి తొలి బస్సుకు వచ్చిన దంపతులు. కొడుకును పాలిటెక్నిక్‌లో చేర్చాలి. ఇంట్లో ఉన్న రెండు వెండి రూపాయలు అమ్ముదామని తెచ్చారు. ఆమె కొంగుముడి విప్పింది. మొదటిది అద్దంలా మెరుస్తోంది. రెండోది పాత క్యాలెండరు కాగితంలో చుట్టి ఉంది. విప్పితే నల్లగా, నడుమ కాస్త నీలంగా, అంచుల్లో తేనెరంగుతో ఉంది.

‘‘ఇది మంచిగున్నది సేటూ. రాత్రే చింతపండు పెట్టి తోమిన. అది సందుగల అడుగున దొరికింది. మొత్తం నల్లగైంది. తోముదామంటే టైం దొరకలే’’ అందామె, కొంచెం సిగ్గుపడుతూ.

పెద్దాయన రెండింటినీ గుడ్డమీద పక్కపక్కన పెట్టుకున్నాడు. దీపం ఒంచాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నల్లదాన్ని అంచులు పట్టుకుని పైకెత్తి, ‘‘ఆ టైం దొరకకపోవుడే మీ అదృష్టం అమ్మా’’ అన్నాడు.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చార్మినార్ ముందు చార్మినార్

ఆ రెండూ ఒకే రకం రూపాయలు. నడుమ చార్మినార్ బొమ్మ. దాని చుట్టూ నిజాం బిరుదులు. రెండింటి మీదా హిజ్రీ 1331... అంటే మన లెక్కలో 1912 చివర్నుంచి 1913 దాకా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొత్తలో వచ్చిన నాణేలన్నమాట.

1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ రూపాయి మీదికెక్కింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో. అంతకుముందు హైదరాబాద్ నాణేల మీద రాతలే ఉండేవి, బొమ్మ ఉండేది కాదు. సుత్తిదెబ్బతో చేత్తో కొట్టిన నాణేల స్థానంలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యంత్రం మీద ముద్రించినవి వచ్చాయి. వాటితోపాటే నాలుగు మినార్లూ వచ్చాయి. ఆ బొమ్మను భూతద్దంలో చూస్తే నడిమి కమానులో, ద్వారబంధంలో వేలాడదీసిన దీపంలాగా ఒక అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీఖాన్ నాణేల మీదయితే అది ‘మీమ్’. ఉస్మాన్ అలీఖాన్ నాణేల మీదయితే ‘ఐన్’. అంటే ఏలినవారి పేరులోని మొదటి అక్షరం! ఉస్మాన్ అలీఖాన్ తొలినాళ్ల రూపాయల్లో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది. తర్వాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. సేకర్తలు ముందు వెతికేది దాన్నే.

అదే నాణెం మీద 92 అనే అంకె కూడా ఉంటుంది. అది సంవత్సరమూ కాదు, విలువా కాదు. అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అనే పేరుకు వచ్చే మొత్తం అది. వెనక్కి తిప్పితే నడుమ ‘ఏక్ రూపియా’ అనీ, చుట్టూ టంకశాల పేరుగా ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అనీ ఉంటుంది. అంటే శుభప్రదమైన పునాది గల నగరం. రూపాయి బిళ్లంత చోటులో ఇంత కథ! ఆ కథలో ఎన్ని అక్షరాలు చెదరకుండా మిగిలాయన్నదే నాణెం ‘గ్రేడు’ లెక్కలో మొదటి ప్రశ్న.

పెద్దాయన ఆ దంపతులకు చెప్పింది కూడా ఇదే. రూపాయిని చేతిలో పట్టుకుని నాలుగడుగులేసి, కమానులోంచి అసలు చార్మినార్‌ను చూడమన్నాడు. మినార్లకు వరసలు వరసలుగా వసారాలు కనిపిస్తాయి. కమానుల మీద సన్నటి పనితనం కనిపిస్తుంది. ‘‘అక్కడ కనపడేది ఇక్కడ ఎంత కనపడ్తున్నదో చూడండి. అదే లెక్క’’ అన్నాడు. నల్ల రూపాయి మీద మినార్ల గీతలు విడివిడిగా ఉన్నాయి. తెల్ల రూపాయి మీద మినార్లున్నాయి గానీ... మైనంతో చేసి ఎండలో పెట్టినట్టున్నాయి.

అరుగు వేరు, నలుపు వేరు

పాత నాణెం చూడగానే చాలామంది పొరబడేది ఇక్కడే. నల్లగా ఉంటే పాడైందనుకుంటారు, తెల్లగా ఉంటే బాగుందనుకుంటారు. నిజానికి అరుగు వేరు, నలుపు వేరు.

అరుగు అంటే లోహం పోవడం. నాణెం చేతులు మారేకొద్దీ బొమ్మలో ఎత్తుగా ఉన్న చోట్లు ముందు రాసుకుంటాయి. గీతలు కలిసిపోతాయి. అక్షరాల అంచులు గుండ్రంగా మారతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. నలుపు అంటే లోహం పోవడం కాదు, దానిమీద పొర చేరడం. గాలిలో ఏ కొంచెమో ఉండే గంధకపు వాయువులు వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ పుడుతుంది. వెండి చెంబు నల్లబడేదీ ఇందుకే. నాణేల లోకంలో దీన్ని ‘టోనింగ్’ అంటారు.

ఈ పొర ఒక్కసారిగా నల్లగా రాదు. మొదట లేత పసుపు. తర్వాత బంగారు వన్నె, తేనెరంగు. ఆ మీదట ఎరుపు కలిసిన ఊదా. ఆ తర్వాత నీలం. మందం పెరుగుతూ పోతే చివరికి బూడిద, నలుపు. రంగు వేసినవారెవరూ లేరు. వాన పడ్డాక రోడ్డు మీది నీళ్లలో బండి ఆయిలు చుక్క పడితే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది కదా... ఇదీ అదే. పొర పైభాగం నుంచి వెనక్కి వచ్చే వెలుగూ, కింద వెండి మీద తగిలి వచ్చే వెలుగూ కలుసుకుని చేసే మాయ. పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. ఆ మందం ఎంతో తెలుసా? మన తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు!

అంత పలచటి పొరే కాబట్టి, దాని కింద వెండి పుట్టినప్పటి ఒంపుసొంపులతో అలాగే ఉండిపోవచ్చు. జనగామ దంపతుల నల్ల రూపాయి సంగతి అదే. ఎవరో ఒకప్పుడు గుడ్డలో చుట్టి సందుగ అడుగున పెట్టారు. మరిచిపోయారు. దాదాపు నూరేళ్లు దాన్ని ఎవరూ ఖర్చు చేయలేదు, ఎవరూ తోమలేదు. కాగితానికి తగిలిన నడిమి భాగం, గాలి ఆడిన అంచులు వేరు వేరు రంగులు తేలాయి.

దీపం కింద తిప్పితే...

మరి నలుపు కింద ఉన్నది మంచి వెండో, అరిగిన వెండో తెలిసేదెలా? అందుకే ఆ ఒంచే దీపం. పెద్దాయన నల్ల రూపాయిని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని దీపం కింద మెల్లగా అటూ ఇటూ ఒంచాడు. నలుపు లోపలినుంచి ఒక వెలుగు చార కదిలింది. బండిచక్రం ఆకుల్లా నడిమి నుంచి అంచులకు, నాణెం ఒరిగినకొద్దీ గుండ్రంగా తిరిగింది. భర్త ముందుకు వంగి చూశాడు. ‘‘లోపల లైటు పెట్టినట్టున్నది!’’ అన్నాడు.

ఈ తిరిగే వెలుగుకు అసలు కారణం టంకశాలలో ఉంది. బరువైన అచ్చుల మధ్య వెండి బిళ్ల నలిగినప్పుడు లోహం నడిమి నుంచి అంచులకు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనిపించనంత సన్నటి గీతలుగా నాణెం ఒంటి మీద మిగులుతాయి. వెలుగు వాటి మీద పడే తిరుగుతుంది. నాణెం జేబుల్లో, గల్లాపెట్టెల్లో తిరిగితే మొదట మాయమయ్యేవి ఆ గీతలే. కాబట్టి నలుపు కింద ఆ వెలుగు తిరిగిందంటే నాణెం పెద్దగా వాడలేదని అర్థం. తిరగకుండా మొద్దుగా ఉండిపోతే... పైన ఎంత అందమైన రంగున్నా అరిగిన నాణెమే. మరీ మందంగా, బొగ్గులా పేరుకుపోయిన నలుపయితే కింది వెండిని కూడా కొరుకుతుంది. అలాంటిది నలుపుకి విలువ పెంచదు, తగ్గిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కోసారి అచ్చు దెబ్బ సరిగా పడక బొమ్మ పుట్టుకతోనే మసగ్గా ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని అరుగుదల అనుకుంటారు. అప్పుడూ సాక్ష్యం ఆ వెలుగే. బొమ్మ మసగ్గా ఉన్నా వెలుగు తిరుగుతుంటే అది పుట్టుక లోపం. వెలుగు కూడా చచ్చిపోయి ఉంటే వాడకం లోపం.

ఇప్పుడు తెల్ల రూపాయి వంతు. అదే దీపం కింద తిప్పాడు. ఎటు తిప్పినా ఒకటే తెలుపు. భూతద్దం ఆమె చేతికిచ్చాడు. చూస్తే నేల ఊడ్చిన చీపురు గీతల్లా ఒకదాని మీద ఒకటి వేల గీతలు. పీచుతో రుద్దినప్పుడు పడినవి. చింతపండు పెట్టి రుద్దితే పొర పోయింది. పీచు ఆ కింద ఉన్న వెండిని గీకింది. ‘‘ఒక్క రాత్రి పని కాదిది’’ అన్నాడు పెద్దాయన.

‘‘కాదు సేటూ. ప్రతి దీపావళికి తోముతం. లక్ష్మీపూజల పెడ్తం కదా!’’

పదహారు వన్నెలు కాదు... డెబ్బై మార్కులు

నాణెం పరిస్థితిని చెప్పడానికి సేకర్తలకు ఓ భాష ఉంది. బొమ్మ ఆకారం మాత్రమే మిగిలితే ‘గుడ్’. పేరుకు మంచిదే గానీ నిజానికి బాగా అరిగిందని అర్థం! ముఖ్యమైన గీతలు తెలిస్తే ‘ఫైన్’. సగానికి పైగా సన్న పనితనం కనిపిస్తే ‘వెరీ ఫైన్’. ఎత్తయిన చోట్ల మాత్రమే కొద్దిగా రాసుకుంటే ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’. అసలు చెలామణిలో తిరగనిదయితే ‘అన్‌సర్క్యులేటెడ్’.

దీన్నే అంకెల్లో చెప్పేది షెల్డన్ స్కేలు. అమెరికాలో పెద్ద రాగి సెంట్ల కోసం 1949లో విలియం షెల్డన్ చేసిన పద్ధతి ఇది. ఒకటి నుంచి డెబ్బై దాకా మార్కులు. అరవై, ఆపైన వచ్చినవన్నీ చెలామణికి ఎక్కనివి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ సంస్థలు మొదలై, నాణేన్ని పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇవ్వడం అలవాటు చేశాయి. ఇప్పుడు మన దేశపు వేలంపాటల్లోనూ ఈ పెట్టెలు కనిపిస్తాయి. విశేషం ఏమిటంటే... నలుపుకు ఈ సంస్థలు మార్కులు కోయవు. సహజంగా, అందంగా రంగు తేలిన నాణేన్ని మెచ్చుకుంటాయి కూడా. తోమిన నాణేనికి మాత్రం మామూలు మార్కు దక్కదు. ‘వివరాలు ఇంత మిగిలాయి, కానీ తోమారు’ అని రాసి ఇస్తాయి. పరీక్ష బాగా రాసినా ‘కాపీ కొట్టాడు’ అని రాసినట్టన్నమాట!

అరుదుతనం వేరు, గ్రేడు వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. 1911 నాటి ఐదో జార్జి రూపాయి మంచి ఉదాహరణ. రాజుగారి అంగీ మీద వేలాడే పతకంలోని ఏనుగు పందిలా ఉందని గొడవ లేచింది. చాలా నాణేలను వెనక్కి తీసుకుని కరిగించేశారు. ఆ ఏడాది రూపాయి కొంత అరిగినా అడిగేవాళ్లుంటారు. చార్మినార్ రూపాయలు అలా కాదు, చాలానే మిగిలాయి. కాబట్టి ఇక్కడ పరిస్థితే ప్రాణం.

అసలు నలుపా? అద్దిన నలుపా?

రంగుకు గిరాకీ ఉందని తెలిశాక రంగులద్దేవాళ్లు ఊరుకుంటారా! గంధకపు మందుల్లో ముంచేవాళ్లున్నారు. వేడి చేసేవాళ్లున్నారు. ఉడికిన గుడ్డు పక్కన డబ్బాలో పెట్టేవాళ్లూ ఉన్నారు. వందేళ్ల పనిని ఒక్క పూటలో చేయాలని ఆత్రం.

కనిపెట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. సహజమైన రంగు వరస తప్పదు. పసుపు, తేనె, ఊదా, నీలం... ఒకదాన్లోంచి ఒకటి మెల్లగా కరుగుతూ పోతుంది. పసుపు పక్కనే హఠాత్తుగా ముదురు నీలం దిగితే అనుమానించాలి. సహజమైనది లోహంలోంచి వచ్చినట్టుంటుంది. అద్దినది పైన తేలినట్టుంటుంది. అక్షరాల పక్కన వంకల్లో సిరా చేరినట్టు రంగు గడ్డకడుతుంది. అరిగిన చోట, గీత పడ్డ చోట కూడా అదే రంగు నిగనిగలాడుతుంటే దెబ్బ తగిలాక అద్దారని అర్థం. తోమిన తప్పును కప్పిపుచ్చడానికి రంగు వేయడం ఎక్కువగా జరిగే మోసం. కింద చీపురు గీతలు కనిపిస్తే చాలు, దొంగ దొరికినట్టే.

నకిలీలను పట్టడానికి త్రాసు ఉండనే ఉంది. చార్మినార్ రూపాయి అసలు బరువు 11.178 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. వెండి 91.7 శాతం. అరుగుదల వల్ల బరువు కాస్త తగ్గొచ్చు గానీ పెరగదు. వెండి అయస్కాంతానికి అంటదు.

ఈ వెండి తేడాలోనే ఓ పాత లెక్క దాగుంది. ఇక్కడి ‘హాలీ సిక్కా’ రూపాయలు ఏడిస్తే ‘కల్దార్’ అని పిలిచే ఇంగ్లీషు రూపాయలు ఆరు వచ్చేవి. ఆ లెక్కన వంద కల్దార్ రూపాయలకు హాలీ రూపాయలు నూటపదహారు, పది అణాలు, ఎనిమిది పైలు. పెళ్లిలో మనం చదివించే నూటపదహార్లు ఇక్కడినుంచే వచ్చాయని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

పుట్టింటికి ఆరు కిలోమీటర్లు

ఆ రూపాయి పుట్టిల్లు కాలీ కమాన్ సందుకు ఆరు కిలోమీటర్ల లోపే ఉంది. మదీనా దాటి, నయాపూల్ మీదుగా మూసీని దాటి, మొజంజాహీ మార్కెట్ పక్కనుంచి వెళితే సైఫాబాద్. కరెంటు ఆఫీసు పనిమీద వెళ్లేవాళ్లకు ‘మింట్ కాంపౌండ్’ బాగా తెలుసు. ఆ పేరు ఊరికే రాలేదు. 1903లో నిజాం టంకశాల అక్కడికి చేరింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లికి తరలింది. ఖాళీ అయిన పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. మన జేబులోని నాణెం మీద ఏడాది కింద ఐదు కోణాల నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాద్ టంకశాల గుర్తే.

పాత టంకశాల గోడల మధ్య నిలబడితే గ్రేడు లెక్కలో మరో సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ముద్రపడిన రూపాయి పట్టుపరుపు మీద పడదు. తోటి రూపాయల మీద పడుతుంది. సంచిలోకి పోతుంది. సంచి బండెక్కుతుంది. ఒకదాని అంచు ఒకదాని మొహానికి గుచ్చుకుంటుంది. కాబట్టి ఒక్క చేతిలోకీ వెళ్లని నాణేనికి కూడా చిన్న చిన్న గాట్లు ఉంటాయి. అరవైకీ డెబ్బైకీ మధ్య మార్కుల తేడా చాలావరకు ఈ గాట్ల లెక్కే. అవి పుట్టుమచ్చల్లాంటివి, క్షమిస్తారు. మనిషి చేసిన గాయాలనే క్షమించరు. కొక్కెం అతికి దండలో గుచ్చిన జాడ, చిల్లు, పీచు గీత... ఇవన్నీ ఆ జాబితాలోవే.

1948లో సంస్థానం భారత్‌లో కలిసింది. 1951 తర్వాత హాలీ రూపాయలు కొత్తగా విడుదల కాలేదు. 1959లో చెల్లుబాటు పూర్తిగా పోయింది. అప్పటికే ఎన్నో వెండి రూపాయలు కంసాలి కుంపట్లోకి వెళ్లి పట్టీలయ్యాయి, మొలతాళ్లయ్యాయి. మిగిలినవి సందుగల్లోకి, పూజ గూళ్లలోకి చేరాయి.

మీ ఇంట్లోనూ ఉందా?

ఉంటే ముందు చేయాల్సింది... ఏమీ చేయకపోవడం! చింతపండు, నిమ్మకాయ, విబూది, కుంకుడు రసం, పళ్లపొడి, వెండి పాలిష్... ఏదీ వద్దు. మెత్తటి గుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. మొహం మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకుని చూడాలి. వేలిముద్ర చెమట కొన్నాళ్లకు మరకగా తేలుతుంది. కింద మెత్తటి గుడ్డ పరిచి చూస్తే జారినా దెబ్బ తగలదు.

మెత్తగా సాగే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మంచివి కావు. ఏళ్లు గడిస్తే నాణెం మీద పచ్చటి జిగురు చేరుతుంది. అది నలుపులాంటిది కాదు, లోహాన్ని తింటుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డల్లో గంధకం ఉంటుంది, దూరంగా ఉంచాలి. నాణేల కోసమే దొరికే గట్టి ప్లాస్టిక్ డబ్బీ, తేమ లేని చోటు చాలు. పూజలో పెట్టాలనుకుంటే అందుకు ఒక రూపాయి కేటాయించి, మిగతావాటిని పసుపు, కుంకుమ తగలకుండా పక్కన ఉంచడం మేలు.

చట్టం సంగతీ తెలిసుండాలి. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో పదిరూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలను సొంతంగా దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు కానుకగా పంపేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఏది అమ్మాలి? ఏది ఉంచుకోవాలి?

మళ్లీ కాలీ కమాన్ సందు. పెద్దాయన లెక్క తేల్చాడు. తెల్ల రూపాయికి వెండి ధర వస్తుంది. నల్లదానికి అంతకు రెండు మూడింతలు ఇస్తానన్నాడు. ‘‘తొందర లేదు. ఇంకో రెండు దుకాణాల్ల అడిగి రండి’’ అని కూడా చెప్పాడు. ఫీజు మొత్తం ఎలాగూ రాదు. ‘‘పుస్తకాలకైతే సరిపోతది’’ అన్నాడు భర్త.

ఇద్దరూ బయటికెళ్లి గుల్జార్‌హౌజ్ గట్టు దగ్గర కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చారు. ‘‘నల్లది ఒక్కటే తీసుకో సేటూ’’ అందామె.

పెద్దాయనకు ఆశ్చర్యం వేసింది. మంచిది దాచుకుని మామూలుది అమ్మడం లోకం తీరు. ఆ మాటే అన్నాడు.

‘‘నల్లదాన్ని ఎవ్వరు ముట్టలే. అది ఉన్నదనే ఎవరికి ఎరుక లేదు. దీన్ని మా అత్తమ్మ తోమింది, ఆమె అత్త తోమింది, నేను తోమిన. దీపావళొస్తే పీటమీద ఉండేది ఇదే’’ అంటూ తెల్ల రూపాయిని కొంగున ముడేసుకుంది.

పెద్దాయన వాదించలేదు. నల్ల రూపాయిని గట్టి డబ్బీలో పెట్టి, డబ్బు లెక్కపెట్టి భర్త చేతికిచ్చాడు. ఆమె మెట్టు దిగుతుంటే మాత్రం ఒక్కమాట అన్నాడు... ‘‘అమ్మా! వచ్చే దీపావళికి చింతపండు మాత్రం పెట్టకు. ఉత్త నీళ్లల్ల ముంచి, గుడ్డ మీద ఆరబెట్టు. మీ అత్తమ్మ ఏమీ అనుకోదు!’’

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుముడిని ఇంకోసారి తడిమి చూసుకుని, భర్త వెనకే కమాను దాటింది. ఎదురుగా నాలుగు మినార్లు... నాలుగు వందల ఏళ్ల ఎండకూ వానకూ తడిసి, పొగకు మసిబారి, అయినా గీత గీతా విడివిడిగా.